ఒకేసారి మూడుసార్లు తలాక్ చెబితే పెళ్లి రద్దవుతుందా?

రద్దవదు, 2017లో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో దాన్ని కొట్టేసింది, 2019 చట్టం మూడేళ్ల వరకూ జైలుశిక్ష పడే నేరంగా మార్చింది. ఖురాన్ చెప్పిన తలాక్‌లో ఇద్దత్, అంటే తలాక్ చెప్పాక భార్య వేచి ఉండే గడువు, ఉంటుంది, ఆలోపు రాజీ పడొచ్చు. ఒక్క ఊపున మూడూ అనేస్తే ఆ అవకాశమే పోతుందన్నది సంస్కరణవాదుల వాదన. నిన్నమొన్నటి మాటేం కాదిది: మూడూ కలిపి ఒక్క తలాక్ కిందే లెక్కని ఇస్లాం పండితుడు ఇబ్న్ తైమియా 14వ శతాబ్దంలోనే అన్నాడు, ఈజిప్టు 1929లోనే అలా ఒక్కటిగా లెక్కించేలా చట్టం చేసుకుంది.

మహారాష్ట్రలోని సిరొంచలో ఉన్న భార్యకు భర్త మంచిర్యాల నుంచి వాట్సాప్‌లో మూడుసార్లు తలాక్ అని పంపాడనుకోండి. ఆమె ఇంకా భార్యే. పోలీసు ఫిర్యాదు చేయొచ్చు, జీవనభృతి అడగొచ్చు. మహారాష్ట్రలోనైనా తెలంగాణలోనైనా ఇదే చట్టం.

ముస్లింలకు ఇక తలాకే లేదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. గడువిచ్చి చెప్పే తలాక్, భార్య కోరి తీసుకునే విడాకులైన ఖులా అలాగే ఉన్నాయి.