నెట్‌తో పాటు టీవీ కూడా ఇస్తామంటున్నారు, తీసుకోమంటారా?

ప్రశ్న: మా ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుని మూడేళ్లయింది. ప్లాన్ అయిపోవస్తోందనగా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఇప్పుడు కడుతున్నదానికి ఇంకొంచెం కలిపితే టీవీ కూడా ఇస్తారట. వందల చానెళ్లు, నాలుగైదు ఓటీటీలు, బాక్స్ ఫ్రీ. కాకపోతే రెండేళ్లకు ఒప్పుకోవాలి, అదీ నెలాఖరులోపే చెప్పాలట. మావారు ‘తీసుకో, పోయేదేముంది’ అంటున్నారు. అత్తగారు పాత టీవీ కనెక్షన్ జోలికి వెళ్లొద్దంటున్నారు. పిల్లలు అసలు టీవీ పెట్టరు, వాళ్లకు అంతా ఫోనే. చివరికి తేల్చాల్సింది నేనే, ఎటూ తేలక టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ ‘ఇంకొంచెం’ ఎన్ని నెలల వరకో అడిగారా? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు, ఫోన్ చేసినవాళ్లూ చెప్పి ఉండరు. ఇలాంటి ఆఫర్లలో మొదటి కొన్ని నెలలకు ఒక రేటు, ఆ తర్వాత ఇంకో రేటు ఉండటం మామూలే. ఫోన్‌లో మొదటిదే వినిపిస్తుంది, రెండోది ఒప్పంద పత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం, అంకెలు ఊరికే అనుకున్నవే. నెట్ ఒక్కటే నెలకు 10 అనుకోండి. టీవీతో కలిపితే 11 అన్నారు, ఒక్కటే కదా ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఆ 11 మొదటి 6 నెలలకే, మిగతా 18 నెలలు 16, బాక్స్ ఫ్రీ అన్నా దాని అద్దె పేరుతో నెలకు 1. మొత్తం 24 నెలలకు కూడితే 66, 288, 24 కలిసి 378 అవుతుంది. నెట్ ఒక్కటే ఉంచుకుంటే 240. తేడా 138, అంటే నెలకు దాదాపు 6. మీరు ఒకటి అనుకుని ఒప్పుకున్నది ఆరయింది. నెట్ రేటు కూడా మధ్యలో పెరగొచ్చు, కాబట్టి రెండు వైపులా రెండేళ్లకు మొత్తం ఎంత కడతారో విడివిడిగా చెప్పమనండి. చెప్పడానికి నసిగితే మీకు సగం జవాబు దొరికినట్టే.

ఆ తేడా చేతికొచ్చాక మిమ్మల్ని మీరు ఒక్కటే అడగండి. ఈ టీవీని నెట్‌తో ముడిపెట్టకుండా విడిగా నెలకు ఆరుకు అమ్మితే కొనేవాళ్లా? కొంటాం అనుకుంటే తీసుకోండి, లేదంటే వద్దు. ‘ఫ్రీ’ అన్న మాట వినగానే మనం ఈ ప్రశ్న వేసుకోవడం మానేస్తాం, నేనూ మానేశాను కాబట్టే చెబుతున్నాను.

నా సంగతి చెబుతాను. కంపెనీ పేరు అనవసరం. మీలాగే ఫోన్ వస్తే సరే అన్నాను. బాక్స్ వచ్చింది, బిగించి వెళ్లారు, మొదటి వారం ఇంటిల్లిపాదీ చానెళ్లు తిప్పుకుంటూ కూర్చున్నాం, నెల తిరిగేసరికి అందరం పాత అలవాట్లకు వచ్చేశాం. టీవీ వెనక ఆ బాక్స్ దీపం మాత్రం రాత్రంతా వెలుగుతూ ఉండేది, ముట్టుకుంటే వేడిగా. ఏడాదిన్నర తర్వాత మానేద్దామని ఫోన్ చేస్తే బాక్సు, అడాప్టరు, రిమోటు మూడూ తిరిగివ్వాలన్నారు. రిమోట్ ఎప్పుడో పోయింది. దానికి కట్టించుకున్న డబ్బు కన్నా, మానేస్తున్నానని నలుగురికి నాలుగుసార్లు చెప్పాల్సి రావడమే ఎక్కువ విసిగించింది, ప్రతివాళ్లూ ఇంకో ఆఫర్ చెప్పేవాళ్లే.

వాళ్లకు ఇందులో ఏం లాభమో తెలిస్తే మీకు తేల్చుకోవడం తేలికవుతుంది. ఒకటి, నెట్ ఒక్కటే ఉన్నవాళ్లు ఇంకో కంపెనీకి సులువుగా మారిపోతారు, ఇంట్లో పెద్దవాళ్ల టీవీ కూడా అదే తీగ మీద ఉంటే మారడానికి వెనకాడతారు. రెండోది కాస్త తమాషా అయినది. ఒకప్పుడు సినిమా కంపెనీలు ఫలానా సినిమా కావాలంటే దాంతో ఇంకొన్ని కూడా తీసుకోవాల్సిందే అని హాళ్లవాళ్లకు కట్టగట్టి అమ్మేవి, 1948లో అమెరికా సుప్రీంకోర్టు అది కుదరదంది. ఇలా అమ్మితే ఏం కలిసొస్తుందో ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1963లో విడమరిచి చెప్పాడు. ఆయన చెప్పింది ఇంటి లెక్కలో చూడండి. మీ అత్తగారు చానెళ్లకు 8 ఇస్తారు, ఓటీటీకి 2 మించి ఇవ్వరు. వేరే ఇంట్లో ఒక కుర్రాడు ఓటీటీకి 8 ఇస్తాడు, చానెళ్లకు 2. విడివిడిగా 8 చొప్పున అమ్మితే ఇద్దరూ చెరొకటి కొంటారు, కంపెనీకి 16 వస్తాయి. రెండూ కలిపి 10కి అమ్మితే ఇద్దరూ రెండూ కొంటారు, 20 వస్తాయి. ఎవరినీ మోసం చేయలేదు, కానీ పెద్దావిడ చేత ఓటీటీ, కుర్రాడి చేత చానెళ్లు కొనిపించేశారు.

ఇందులోనే మీకు పనికొచ్చే మాట ఒకటుంది. ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే ప్యాకేజీ నిజంగానే లాభం, ఎందుకంటే రెండిటికీ చూసేవాళ్లున్నారు. అందుకని ప్యాకేజీ అనగానే మోసం అనుకోనక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరు ఏం చూస్తున్నారన్నదే తేలాలి.

అది తేల్చడానికి ఒక వారం చాలు. రిమోట్ కింద ఒక కాగితం, పెన్ను పెట్టండి. ఎవరు ఏ చానెల్ పెట్టినా పేరు రాయాలి, అంతే. వందల చానెళ్లున్న ఇంట్లో కూడా కాగితం మీద పది పేర్లు దాటితే గొప్ప. ఆ పేర్లు కొత్త ప్యాకేజీలో ఉన్నాయో లేదో ఒక్కొక్కటే సరిచూసుకోండి. వందల్లో అన్నీ ఉండే ఉంటాయిలే అనుకోవద్దు, అత్తగారు రోజూ చూసేది ఒక్కటి లేకపోయినా ఆ వందలకు మీ ఇంట్లో విలువ సున్నా. హెచ్‌డీలో వస్తుందా, మామూలుగా వస్తుందా అన్నది కూడా అడగండి.

ఓటీటీల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పేరు ఒకటే అయినా ప్లాన్లు రకరకాలు. ఫోన్‌లో మాత్రమే వచ్చేవి, మధ్యలో ప్రకటనలు వచ్చేవి, ఒకసారి ఒక్క తెర మీదే ఆడేవి ఉంటాయి, ప్యాకేజీలో ఏది పెట్టారో అడిగితే తప్ప తెలియదు. మీరు ఇప్పటికే డబ్బు కట్టి చూస్తున్నది అందులో ఉంటే ఆ సొంత ఖాతా ఆటో రెన్యువల్ ఆపేయాలి, లేకపోతే ఒకే దానికి రెండుసార్లు కడుతూ పోతారు. ఆ ఓటీటీ ప్యాకేజీలో రెండేళ్లూ ఉంటుందని మాట ఇస్తారో లేదో చూడండి. ఒప్పందంలో ‘మార్చే హక్కు మాకుంది’ అని ఒక వాక్యం ఉంటే, ఇవాళ చూపించిన జాబితా రేపు ఉంటుందని పూచీ లేదు.

ఇక సాంకేతికంగా అడగాల్సింది ఒకటుంది, చాలామంది అడగరు. ఈ టీవీ మామూలు ఇంటర్నెట్ మీద యాప్‌లాగా వస్తుందా, లేక కంపెనీ తన సొంత నెట్‌వర్క్‌లో దానికంటూ వేరే దారి పెట్టిందా? రెండో పద్ధతిలో ఒకే చానెల్‌ను చాలా ఇళ్లకు ఒకే ప్రవాహంగా పంపుతారు, దాన్ని మల్టీకాస్ట్ అంటారు, సాధారణంగా మీ డేటా లెక్కలోకి రాదు. మొదటి పద్ధతిలో అయితే మీరు చూసే ప్రతి గంటా మీ డేటాలోంచే పోవచ్చు. హెచ్‌డీ వీడియో గంటకు 3 జీబీ దాకా తీసుకుంటుంది, అంతకన్నా స్పష్టంగా ఉండే 4K అయితే 7 జీబీ దాకా. రోజుకు నాలుగు గంటలు హెచ్‌డీ చూస్తే నెలకు 360 జీబీ. మీ ప్లాన్‌లో ఇంత డేటా దాటితే స్పీడు తగ్గిస్తామనే షరతు ఉంటే, నెల చివర్లో పిల్లల క్లాసులు, మీవారి ఆఫీసు కాల్స్ ఈ టీవీ వల్ల నత్తనడక నడుస్తాయి.

స్పీడు గురించి మరీ భయపడక్కర్లేదు. ఒక హెచ్‌డీ ప్రసారానికి 5 ఎంబీపీఎస్, 4K అయితే 15 చాలు, ఇప్పటి కనెక్షన్లకు అది లెక్కలోది కాదు. తంటా అంతా ఇంట్లో వైఫైతోనే. రూటర్ ఒక గదిలో, టీవీ రెండు గోడలవతల ఉంటే బయట నుంచి ఎంత వేగం వచ్చినా బాక్స్ దగ్గర గిర్రున తిరిగే బొమ్మే కనిపిస్తుంది. బిగించడానికి వచ్చినప్పుడే రూటర్ నుంచి బాక్స్‌కు వైరు లాగించుకోండి. ఆ కుర్రాడు ‘వైఫై చాలు మేడం’ అంటాడు, తనకు పని తగ్గుతుంది కదా. వినకండి. ఆటలు చూసే ఇల్లయితే ఇంకోటి కూడా ఉంది, యాప్‌లలో ప్రత్యక్ష ప్రసారం మామూలు టీవీ కన్నా కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంటుంది. పక్కింట్లో కేకలు వినపడ్డాక మీ తెర మీద గెలుపు కనిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అత్తగారు వద్దంటున్నారని రాశారు కదా, ఆవిడ మాటలో పస ఉంది. ఇప్పుడు నెట్ పోతే టీవీ ఉంటుంది, టీవీ పోతే నెట్ ఉంటుంది. రెండూ ఒకే తీగ మీదికి వచ్చాక రోడ్డు తవ్వి ఎవరో తీగ తెంపితే రెండూ ఒకేసారి పోతాయి. పైగా రిమోట్ మారుతుంది, చానెల్ నంబర్లు మారతాయి. పెద్దవాళ్లకు నంబర్లు వేళ్లకు అలవాటై ఉంటాయి, కొత్త బాక్స్ తెరిచి మెనూలోకి వెళ్లి వెతుక్కోమంటే టీవీ చూడటమే మానేస్తారు. అయినా తీసుకోవాలనుకుంటే పాతది ఒక్క నెల అలాగే ఉంచండి, ఆ ఒక్క నెల రెండు ఖర్చులు భరించినా ఫరవాలేదు.

మీరు రాసినదాన్ని బట్టి నా మాట, రెండేళ్ల ఒప్పందానికి ఒప్పుకోవద్దు. పిల్లలు చూడరు, అత్తగారికి ఉన్నది చాలు, మీవారు కూడా ‘పోయేదేముంది’ అన్నారే గానీ ‘చూస్తాను’ అనలేదు. నెలనెలా కట్టుకుని ఎప్పుడైనా మానేసే వీలుంటే మాత్రం ఓ రెండు నెలలు చూడొచ్చు. నెలాఖరు గడువుకు కంగారు పడకండి, మీ ప్లాన్ అయిపోతున్నప్పుడు మిమ్మల్ని నిలబెట్టుకోవాల్సిన అవసరం వాళ్లది, ఇలాంటి ఫోన్లు మళ్లీ వస్తాయి. వచ్చినప్పుడు ‘టీవీ వద్దు, ఆ మేరకు నెట్ మీద ఏమైనా తగ్గిస్తారా’ అని అడిగి చూడండి. తగ్గిస్తామంటే, ఏం చెప్పినా మెసేజ్‌లోనో మెయిల్‌లోనో పంపమనండి, ఫోన్‌లో అన్న మాటకు తర్వాత సాక్ష్యం ఉండదు.

ప్రశ్న: ఇలాంటి ప్యాకేజీ తీసుకుని ఏడాదయింది, ఇంకో ఏడాది ఉంది. ఇంట్లో ఎవరూ చూడటం లేదు. మధ్యలో మానేస్తే జరిమానా అంటున్నారు. కట్టిన డబ్బు వృథా అవుతుందని మానలేకపోతున్నాను.

జవాబు: కట్టింది ఎలాగూ పోయింది, దాన్ని లెక్కలోంచి తీసేయండి. మిగిలిన 12 నెలలకు టీవీ వల్ల అదనంగా పడేది ఎంత, జరిమానా ఎంత, ఈ రెండూ పక్కపక్కన రాయండి, ఏది తక్కువైతే అది చేయండి. జరిమానా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందేమో కూడా అడగండి, కొన్ని ఒప్పందాల్లో అలా ఉంటుంది. టీవీని మొత్తం తీసేయకుండా అన్నిటికన్నా చిన్న ప్యాక్‌కు దిగే వీలుందేమో చూడండి, దానికి జరిమానా పడకపోవచ్చు. తేలేదాకా బాక్స్ స్విచ్ అన్నా ఆపేయండి. గడువు ముగిసే తేదీకి నెల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి, లేకపోతే దానంతటదే ఇంకో ఏడాదికి పొడిగించేసే రకాలు ఉన్నాయి. బాక్స్ తిరిగిచ్చేటప్పుడు దాని మీది సీరియల్ నంబర్ కనపడేలా ఒక ఫొటో, చేతిలో ఒక రసీదు.

ప్రశ్న: మాది స్మార్ట్ టీవీ. బాక్స్ లేకుండా ఈ టీవీ ఆఫర్ వాడుకోవచ్చా?

జవాబు: వాళ్ల యాప్ మీ టీవీలో దొరికితే వాడుకోవచ్చు, ముందు ఇప్పుడే యాప్ స్టోర్ తెరిచి వెతకండి. పాత స్మార్ట్ టీవీల్లో అప్‌డేట్లు ఆగిపోయి కొత్త యాప్‌లు ఎక్కవు. దొరికితే బాక్స్ వద్దని గట్టిగా చెప్పండి, దాని అద్దె, తిరిగిచ్చే గొడవ రెండూ తప్పుతాయి. యాప్‌లో కూడా అన్ని చానెళ్లూ వస్తాయో లేదో అడగండి, కొన్ని బాక్స్‌లోనే వస్తాయి.