అల్లుడా, మీటింగ్‌కు పోయే ముందు జర ఇది చదువు

అల్లుడా,

మొన్న అక్క ఫోన్ చేసి ఏడ్సింది, తెల్లారి నువ్వేమో "మామా మందు బంద్ చేద్దామనుకుంటాన కానీ గా మీటింగ్‌లకు పోవుడు నాతోని కాదు" అని మెసేజ్ పెట్టినవ్, అందుకే తీరుబడిగ కూసొని రాస్తాన. నేను ఇడిచిపెట్టి చానేండ్లైంది, తాగుడు మానెటోళ్లు కూడే గా ఏఏ మీటింగ్‌లల్ల, ప్లాస్టిక్ కుర్చీలల్ల కూసున్నోణ్నే, విన్న ముచ్చట చెప్తలేను.

అన్నిటికన్న ముందు డాక్టర్. పొద్దుగాల లేవంగనే తాగెటోడు ఒక్కసారే పంతానికి బంద్ పెడితే పానం మీదికొస్తది, చేతులు వణుకుడు, చెమటలు సరే, మొదటి రెండ్రోజులల్ల ఫిట్స్ రావచ్చు, తర్వాత లేని మనుషులు కనబడుడు, ఒర్రుడు, అది నిజంగ ప్రమాదం. వరంగల్ల సర్కారు దవాఖాన ఎంజీఎంల మానసిక వైద్యం ఓపీకి పో, ఎంత తాగుతవో ఉన్నదున్నట్టు చెప్పు, హాఫ్ తాగి క్వార్టర్ అని చెప్పుడు ఇంట్ల నడుస్తదేమో గానీ అక్కడ నడ్వద్దు. కల్లు సంగతి కూడ చెప్పు, మన దిక్కు కొన్ని కాడ కల్లుల క్లోరల్ హైడ్రేటో అల్ప్రాజోలమో అనే మత్తు మందులు కలుపుతరు, అది ఆగితే వచ్చే తిప్పలు వేరే. ఇంకోటి, అక్క గోడ మీద పోస్టర్ చూసి కూరల తెల్వకుండ కలిపే పొడి తెప్పిస్తనంటాంది, వద్దని గట్టిగ చెప్పిన. గసొంటి వాటిల డైసల్ఫిరామ్ అని తాగుడు మాన్పించే గోలీల ఉండేది కలిసి ఉంటే, దాని మీద నువ్వు తాగితే బీపీ పడిపోయి గుండె మీదికొస్తది. అది డాక్టర్ రాసి, నీకు తెలిసి, నువ్వు ఒప్పుకొని ఏసుకునే గోలీ.

ఇగ మీటింగ్ ఎట్ల దొరుకుతదంటవా, ఆ ఓపీలనే అడుగు, వాళ్లకు తెలుస్తది. 14446 అని సర్కారోళ్ల నంబర్ ఉన్నది, పైసలు పడయ్, తాగుడు, మత్తు అలవాట్లు మాన్పించుటానికి పెట్టిండ్రు. మనసు బాగలేకుంటే 14416, తెలుగుల మాట్లాడుతరు. ఆల్కహాలిక్స్ అనానిమస్, ఏఏ అంటరు, వాళ్ల వెబ్‌సైట్ల ఊరు కొట్టి చూడు, ఆన్‌లైన్ల కూడ నడుస్తయ్. తెలిసినోళ్లు కనబడుతరని భయమైతే హన్మకొండోనివి కాజీపేటకు పో, లేకపోతే వరంగల్ స్టేషన్ దిక్కు చూడు. అయినా వైన్స్ ముంగట లైన్ల నిలబడ్డనాడు లేని సిగ్గు ఇప్పుడెక్కడిదిరా.

లోపటికి పోతే ఏమైతదో చెప్త. చానాచోట్ల చర్చిదో బడిదో ఒక రూం ఉంటది, ఫ్లాస్క్‌ల చాయ్ ఉంటది, గంట గంటన్నర. ఒకాయన పుస్తకంలకెల్లి కొంచెం చదువుతడు, తర్వాత ఒక్కొక్కరు "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని తమ కత చెప్పుకుంటరు, నడుమ ఎవ్వరు అడ్డం రారు, సలహాలియ్యరు. ఇంటి పేరు అడగరు, కులం అడగరు, ఫీజు లేదు, లాస్ట్‌కు డబ్బా తిరుగుతది, పదో ఇరవయో ఏస్తే ఏస్తవ్ లేకుంటే లేదు. నీ వంతొస్తే "ఇయ్యాల ఇంట" అను, చాలు. దేవుని మాట వస్తది, మొహం తిప్పుకోకు, ఎవరి దేవుడు వాళ్లదే అంటరు. ఒకటి నచ్చకపోతే ఇంకోటి చూడు, అన్ని గ్రూపులు ఒక్క తీరు ఉండయ్, కొన్నింట్ల ఒకాయనే గంట మాట్లాడి పానం తీస్తడు.

కానీ అసలు పని మీటింగ్ అయిపోయినంకనే ఉంటది. చాయ్ తాగుకుంట నలుగురి ఫోన్ నంబర్లు తీస్కో, సిగ్గుపడకు. ఈ ఏఏ పుట్టిందే ఒక ఫోన్‌తోని. 1935ల అమెరికాల అక్రాన్ అనే ఊర్ల బిల్ అని ఒక షేర్ల వ్యాపారం ఆయన, పని చెడిపోయి హోటల్ల ఒక్కడే ఉన్నడు, పక్కన బార్ల నవ్వుడు వినబడుతాంది, లోపటికి పోకుండ చర్చిలోళ్లకు ఫోన్లు కొట్టిండు, నా లెక్క తాగెటోడు ఎవరన్న ఉన్నరా మాట్లాడాలె అని. గట్ల దొరికినాయన బాబ్ అనే డాక్టర్. ఇద్దరు కూసొని మాట్లాడుకున్నరు, అంతే, గదే ఇప్పటి దాక నడుస్తాంది.

నీకు కష్టం మాపటీలి ఏడు గంటలకు, డ్యూటీ దిగి చౌరస్త దాటేటప్పుడు, నాకెరుకే. ఆకలి, కోపం, ఒంటరితనం, అలుపు, ఈ నాలుగింట్ల ఏది ఉన్నా నాలుక పీకుతది, కాబట్టి దిగంగనే ఏదన్న తిను, తిని ఫోన్ కొట్టు. తాగినంక కాదు, తాగక ముందు. అవతలాయన ఏమనుకుంటడో అనుకోకు, నువ్వు కొడితే ఆయనక్కూడ ఆ పూట గడుస్తది. నాలుగైదు వారాలు పోయినంక అండ్ల నీకు కుదిరినాయన్ని స్పాన్సర్‌గ, అంటే ముందే మానేసి నీకు దారి చూపే మనిషిగ, ఉండుమని అడుగు. నన్ను కాదు, నేను సుట్టాన్ని, నాకు నువ్వు అబద్ధం చెప్తవ్.

దసరకు బావలు "ఒక్క పెగ్గేరా, పండుగకు కూడ తాగవా" అంటరు. లివర్ బాగలేదు డాక్టర్ వద్దన్నడు అని చెప్పు, మొత్తం కత చెప్పుడు అక్కర లేదు. జమ్మి పెట్టి, మటన్ తిని, సీస తీయకముందే లేచి రా, బండి తాళంచెవి నీ జేబులనే ఉంచుకో. ఇంటోళ్లకు కూడ అల్-అనాన్ అని వేరే మీటింగ్ ఉంటది, అక్కకు నీ పెండ్లానికి నేను చెప్త, అది నీ మీద ఏసుకోకు.

రేపు ఓపీకి పొయ్యేటప్పుడు ఆధార్ కార్డ్ పట్టుకపో, అక్కను కాదు మీ తమ్ముణ్ని తోలుకపో.

మీ మామ