మద్యం ముట్టని నాకు ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు చేరడం) ఏమిటి? చక్కెర మానేసి బెల్లం వాడితే సరిపోతుందా?

సరిపోదండీ. బెల్లం బస్తాల మధ్య పెరిగిన నాకు ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంది.

చిత్తూరులో మా బావగారిది బెల్లం వ్యాపారం. మందు వాసన కూడా పడని మనిషి. పిత్తాశయంలో రాళ్లేమోనని స్కానింగ్ తీయిస్తే రాళ్లు లేవుగానీ ‘గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్’ అని వచ్చింది. చాటుగా తాగుతున్నాడేమోనని మా అక్క కొన్నాళ్లు ఆయన్ని అదోలా చూసింది కూడా!

బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, చక్కెరలో ఉన్నదీ అదే. పేగుల్లో అది సగం గ్లూకోజుగా, సగం ఫ్రక్టోజుగా విడిపోతుంది. గ్లూకోజును ఒళ్లంతా వాడుకుంటుంది. ఫ్రక్టోజు భారం మాత్రం ఎక్కువగా కాలేయం మీదే పడుతుంది. అవసరానికి మించి వచ్చిపడితే దాన్ని కొవ్వుగా మార్చి, కొంత తనలోనే దాచుకుంటుంది. బెల్లంలో కాస్త ఇనుము ఉన్నంత మాత్రాన ఈ లెక్క మారదు.

డాక్టరుగారు బావగారిని ఏం తింటారని కాక, ఏం తాగుతారని అడిగారు. అక్కడ బయటపడింది అసలు సంగతి. కొట్లో మాటిమాటికీ బెల్లం టీ, మధ్యాహ్నం చెరకు రసం, ఇంటికొస్తే ఫ్రిజ్‌లో మామిడి జ్యూస్. మన జిల్లా తోతాపురి గుజ్జే కదా, పండే కదా అనుకుంటాం. డబ్బా వెనక చదవండి. మా ఇంట్లో ఉన్నదాని మీద 100 మి.లీ.కి 13 గ్రాముల చక్కెర అని ఉంది. 250 మి.లీ. గ్లాసుతో 32 గ్రాములు దాటినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నాటి సూచన ప్రకారం రోజు మొత్తానికి దాదాపు 50 గ్రాములు మించకూడదు, 25 లోపు ఉంటే మరీ మంచిది. తేనె, పళ్లరసాలు కూడా ఈ లెక్కలోవే. మామిడిపండు కోసుకుని తింటే వేరు. పీచు ఉంటుంది, కొన్ని ముక్కలకే కడుపు నిండుతుంది.

కాబట్టి ముందు తీపి పానీయాలు ఆపండి. ఎవరైనా తిరుమల లడ్డు తెచ్చిస్తే చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకోండి, కొంప మునగదు. రాగి సంగటి ఎంతైనా తినవచ్చనే వాళ్లుంటారు, నమ్మకండి. ముద్ద సైజు కూడా చూసుకోవాలి. అధిక బరువుంటే మొత్తం ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం నెమ్మదిగా తగ్గించగలిగితే కాలేయంలో కొవ్వుతో పాటు వాపూ తగ్గుతుంది.

మరొకటి. స్కానింగ్‌లోని గ్రేడు కొవ్వు సంగతే చెబుతుంది, కాలేయం గట్టిపడిందో లేదో చెప్పదు. ఆ గట్టిపడే ముప్పును అంచనా వేయడానికి వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (రక్తపరీక్షలో చూసే కాలేయ ఎంజైములు), ప్లేట్‌లెట్ల సంఖ్యతో వేసే ఫిబ్-4 లెక్క ఒకటుంది. ఈసారి వెళ్లినప్పుడు దాని గురించి డాక్టరును అడగండి.