మీవాడు చేస్తున్నది చిన్న పని కాదు సార్

గుంటూరు నుంచి ఒక నాన్నగారు అడిగారు. అబ్బాయి బీటెక్ అయ్యి ఆర్నెల్లుగా చిన్న కంపెనీలో చేస్తున్నాడట, పనల్లా పీహెచ్‌పీ అనే భాషలో రాసిన ఒక పాత సైట్‌లో పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్స్ ఎందుకు చేరట్లేదో చూడటం, పాస్‌వర్డ్‌లు దాచే పద్ధతి మార్చడం. "మెకానిక్ పనిలా ఉందండీ, మాన్పించి అమీర్‌పేటలో ఏఐ కోర్సులో చేర్చేదా?" అని.

మాన్పించకండి సార్. ఆ మెయిల్ గొడవే తీసుకోండి, పీహెచ్‌పీలో మెయిల్ పంపే ఫంక్షన్ ట్రూ అంటుంది, అంటే పోస్టు డబ్బాలో వేశానని మాత్రమే, చేరిందని కాదు, అది తెలీక కోడ్ అంతా బాగానే ఉంది కదా అని రోజులు రోజులు జుట్టు పీక్కునేవాళ్ళని చూశాను. అసలు తేడా చాలాసార్లు డీఎన్‌ఎస్‌లో, అంటే సైట్ పేరు తాలూకు వివరాలు రాసుండే చోట ఉంటుంది. మా పేరు మీద ఈ సర్వర్లే పంపుతాయి అని చెప్పేది ఎస్‌పీఎఫ్, మెయిల్ మీద ముద్రలాంటిది డీకిమ్, ఈ రెండూ తేలకపోతే ఏం చెయ్యాలో చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి రోజుకి 5000 పైన మెయిల్స్ పంపేవాళ్ళకి మూడూ తప్పనిసరి, కాబట్టి ఇది తెలిసినవాడి అవసరం కంపెనీలకి బాగానే ఉంది.

పాస్‌వర్డ్‌ల సంగతి ఇంకా ముఖ్యం. పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచకుండా గజిబిజి అక్షరాలుగా మార్చి దాస్తారు, దాన్నే హ్యాష్ అంటారు. ఎండీ5 అనే పాత పద్ధతిలో దాస్తే 123456 కి ఎప్పుడూ ఒకటే హ్యాష్, గూగుల్‌లో కొడితే దొరికిపోతుంది. 2012లో లింక్డిన్ పాస్‌వర్డ్‌లు బయటపడ్డప్పుడు కూడా సాల్ట్ (ఒక్కో పాస్‌వర్డ్‌కి విడిగా కలిపే అక్షరాలు) లేని ఎస్‌హెచ్‌ఏ-1 అనే ఇంకో పాత పద్ధతిలోనే ఉన్నాయి. పీహెచ్‌పీలో బీక్రిప్ట్ అనే గట్టి పద్ధతిలో హ్యాష్ చేసే పాస్‌వర్డ్_హ్యాష్ ఫంక్షన్ 2013 నుంచీ ఉంది, వాడితే సరి. కానీ పాత డేటాబేస్‌లో హ్యాష్ దాచే కాలమ్ ఎండీ5 కి సరిపడా 32 అక్షరాలే ఉంటుంది, బీక్రిప్ట్ హ్యాష్ 60. నేను కోడ్ రాసే రోజుల్లో ఆ కాలమ్ పెంచడం మర్చిపోయా, డేటాబేస్ కిక్కురుమనకుండా సగానికి కత్తిరించేసింది, పాస్‌వర్డ్ మార్చుకున్నవాళ్ళెవరూ మళ్ళీ లాగిన్ కాలేదు, మేనేజర్ చేత నేను తిన్న తిట్లు ఇక్కడ రాయలేను.

ఇలాంటి దెబ్బలు ఏ కోర్సులోనూ తగలవు సార్. ఏఐ కావాలంటే సాయంత్రాలు నేర్చుకోమనండి, వద్దనను.

రెజ్యూమేలో మాత్రం "పీహెచ్‌పీ సైట్ మీద పనిచేశాను" అని ఊరుకోవద్దు. రీసెట్ లింక్ ఒక్కసారే పనిచేసేలా, గంటలో చచ్చిపోయేలా చేశానని రాయాలి, ఎండీ5 నుంచి బీక్రిప్ట్‌కి యూజర్లు లాగిన్ అయినప్పుడల్లా ఒక్కొక్కరినీ ఎలా మార్చాడో చెప్పగలగాలి, ఇంటర్వ్యూలో ఎదుటివాడు కుర్చీలో ముందుకి జరిగేది అక్కడే. ఈ అనుభవం బ్యాకెండ్ (సైట్ వెనక సర్వర్‌లో నడిచే భాగం) ఉద్యోగాలకి, అప్లికేషన్ సెక్యూరిటీకి రెండింటికీ పనికొస్తుంది.

ఇంకోటి, కొత్తగా నేర్చుకున్న ఊపులో వేరేవాళ్ళ సైట్లు అడక్కుండా గెలకొద్దని గట్టిగా చెప్పండి, ఐటీ చట్టం సెక్షన్ 66 కింద 3 ఏళ్ళ దాకా జైలు ఉంది. అంత సరదా ఉంటే డీవీడబ్ల్యూఏ అని కావాలనే లోపాలు పెట్టి తయారుచేసిన ఫ్రీ సైట్ ఉంది, తన ల్యాప్‌టాప్‌లో వేసుకుని ఎంతసేపు పగలగొట్టుకున్నా అడిగేవాడుండడు.