మూడిల్‌లో సీఓ మారిస్తే పాత బ్యాచ్ రిపోర్టూ మారిపోతోంది: సమాధానం

నమస్తే మేడమ్. కాలేజీ కోర్సులు ఆన్‌లైన్‌లో నడిపే మూడిల్ సాఫ్ట్‌వేర్‌లో సీఓ3 (మూడో కోర్సు ఔట్‌కమ్, అంటే కోర్సు అయ్యాక పిల్లలు ఏం చేయగలరో చెప్పే వాక్యం)లో "వివరించగలరు" తీసి "డిజైన్ చేయగలరు" అని పెట్టగానే పోయినేడు పాసైన పిల్లల రిపోర్టులోనూ కొత్త వాక్యమే వస్తోందన్నారు కదా. మూడిల్‌లో సీఓను కాంపిటెన్సీ (నైపుణ్యం)గా పెడతాం, ఒక కాంపిటెన్సీకి ఒకే రికార్డు ఉంటుంది. దాన్ని దిద్దితే పాత రేటింగులన్నీ కొత్త మాట కిందే కనిపిస్తాయి.

ముందు పాత వాక్యాన్ని యథాతథంగా పెట్టేయండి, రేటింగులు ఎక్కడికీ పోవు. తర్వాత అడ్మిన్ చేత ఆ ఫ్రేమ్‌వర్క్‌ను (కాంపిటెన్సీల జాబితాను) డూప్లికేట్ చేయించి, కాపీలో సీఓ3 మార్చండి. ఐడీ నంబర్‌లో రెగ్యులేషన్ (ఆ బ్యాచ్‌కు వర్తించే సిలబస్ నిబంధనలు) పేరు, అంటే ఆర్23 లాంటిది, తప్పక చేర్చండి. లేకపోతే రెండేళ్లకు ఏది ఏదో ఎవరికీ తెలియదు. పాత ఫ్రేమ్‌వర్క్ సెట్టింగ్స్‌లో విజిబుల్ దగ్గర 'నో' పెడితే కొత్త కోర్సుల్లోకి రాదు. డిలీట్ మాత్రం చేయొద్దు.

కొత్త బ్యాచ్ కోర్సులో పాత కాంపిటెన్సీలు తీసి కొత్తవి కలపండి. ప్రతి క్విజ్, అసైన్‌మెంట్ సెట్టింగ్స్‌లోనూ మళ్లీ లింక్ ఇవ్వాలి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే.

అక్షర దోషాలైతే నేరుగా దిద్దుకోవచ్చు. క్రియాపదం మారితే బ్లూమ్స్ స్థాయే (నేర్చుకోవడంలో ఆలోచన లోతును చెప్పే మెట్టు) మారుతుంది, సీఓ-పీఓ మ్యాపింగ్ (ఏ సీఓ ఏ ప్రోగ్రామ్ ఔట్‌కమ్‌కు తోడ్పడుతుందో చూపే పట్టిక) కూడా మళ్లీ చూడాలి. డిజైన్ పరీక్షే రాయని పిల్లలకు ఆ నైపుణ్యం వచ్చినట్టు ఎన్‌బీఏ (సాంకేతిక కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) ఫైల్లో చూపించడం న్యాయం కాదు.