పాత పికప్‌కి ట్రైలర్ తగిలించి బావమరిదికి ఇస్తే, ఏమన్నా అయితే ఎవరి మీదకొస్తుంది?

ప్రశ్న: మా నాన్న వాడిన చిన్న పికప్ ఉంది, 20 ఏళ్ల నాటిది, ఇంకా బానే నడుస్తోంది. వెనక 2 టన్నుల హిచ్ (ట్రైలర్ తగిలించే ఇనప పట్టు) బిగించా. మా బావమరిది ట్రైలర్ తగిలించుకుని సామాన్లు తీసుకెళ్తా అంటున్నాడు, ఏం జరిగినా బాధ్యత నాదే అని కాగితం రాసిస్తాడంట. సరిపోతుందా లాయర్ గారూ?

జవాబు: సరిపోదండి. ఆ కాగితం మీ ఇద్దరి మధ్య మాట, అంతే. రోడ్డు మీద దెబ్బ తగిలిన మనిషి దాని మీద సంతకం పెట్టలేదు కదా, బండి నడిపినందుకు మీ బావమరిది మీద కేసు వేస్తాడు, బండి సంగతి తెలిసి కూడా ఇచ్చారని మీ మీదా వేస్తాడు. మీరు కట్టాల్సొస్తే తర్వాత బావమరిది దగ్గర అడగడానికి ఆ కాగితం పనికొస్తుందేమో, అదీ అతని దగ్గర డబ్బుంటేనే.

బండి పాతదండీ అన్న మాట కూడా మిమ్మల్ని కాపాడదు, పాతదని తెలిసినప్పుడు ఇంకా ఎక్కువ చూసుకోవాలి కదా అనే అడుగుతారు.

ఇక 2 టన్నుల హిచ్ అన్నారు, ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. అది ఆ ఇనప ముక్క ఎంత మోస్తుందో చెప్తుంది, మీ బండి ఎంత లాగుతుందో కాదు. బండి లెక్క కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, బ్రేకులున్న ట్రైలర్‌కి ఒకటి, లేనిదానికి వేరే, అది బాగా తక్కువ. హిచ్, దాని మీదుండే గుండ్రటి బాల్, ఆ బాల్‌ని పట్టుకునే ట్రైలర్ ముందు భాగం కప్లర్, బండి, వీటిలో ఏది తక్కువైతే అదే మీ లిమిట్. దాటి లాగితే ఇన్సూరెన్స్ వాళ్లకి క్లెయిమ్ ఆపడానికి మీరే సాకు ఇచ్చినట్టు.

ఇచ్చే ముందు ఒకసారి బండి కిందకి దూరండి. టార్చి వేసి, హిచ్ బోల్టులు చాసిస్‌ని పట్టుకున్న చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, పెచ్చులు పెచ్చులుగా తుప్పు రాలినా, మొన లోపలికి దిగినా ఆ బండితో ఏదీ లాగొద్దు. టైర్ పక్కన 4 అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, గాడి బాగున్నా రబ్బరు వయసు అక్కడే తెలుస్తుంది. ట్రైలర్‌ని బండికి కలిపే చెయిన్లు కప్లర్ కింద అడ్డంగా ఒకదాని మీద ఒకటి వేయాలి, కప్లర్ ఊడితే ట్రైలర్ ముందు భాగం రోడ్డుకి గుచ్చుకోకుండా వాటి మీద పడుతుంది.

సామాను సర్దడం బావమరిదికి మీరే దగ్గరుండి చూపించండి. లోడుతో కలిపి ట్రైలర్ 1,000 కిలోలైతే 100 నుంచి 150 కిలోలు బాల్ మీద పడాలి, అది పికప్ మోసే బరువులోనే లెక్క. బరువంతా ట్రైలర్ వెనక పెడితే తోక ఊగడం మొదలవుతుంది, అప్పుడు పికప్ బ్రేక్ మీద కాలు వేసి తొక్కొద్దు, యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి. దిగుడు రోడ్డు రాకముందే గేరు తగ్గించాలి.

బరువు తూచిన కాటా చీటీ, మెకానిక్ బిల్లు దాచండి, జాగ్రత్త పడ్డానని చూపించడానికి మీ దగ్గర ఉండేవి అవే. ఖర్మకాలి ఏదైనా విరిగినా తెగినా ఆ ముక్క పారేయొద్దు, రిపేరు చేయించొద్దు, ఫోటోలు తీసి పక్కన పెట్టండి.

అన్నిటికన్నా ముందు, ట్రైలర్ లాగితే, వేరే మనిషి నడిపితే పాలసీ వర్తిస్తుందా అని ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి, ఫోన్లో అడిగి ఊరుకోవద్దు. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా తాళం మీ దగ్గరే ఉంచండి.