అమ్మాయి పశువుల జడ్జింగ్ టీంలో చేరింది, ఆపమంటారా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి టెన్త్ గ్రేడ్. స్కూల్లో ఎఫ్‌ఎఫ్‌ఏ (వ్యవసాయం నేర్చుకునే విద్యార్థుల సంఘం) వాళ్ళ లైవ్‌స్టాక్ జడ్జింగ్, అంటే పశువుల్ని చూసి తీర్పు చెప్పే టీంలో చేరింది. శనివారం వస్తే చాలు, స్టీర్లకు ర్యాంకులివ్వడం ప్రాక్టీస్ అంటూ వెళ్ళిపోతుంది. యానిమల్ సైన్స్ చదువుతానంటోంది. మా ఇంట్లో గొడ్డుమాంసం ముట్టం. అసలు దీన్లో కెరీర్ ఉందా? మానిపించమంటారా?

జవాబు: మానిపించకండమ్మా. అలాగని పశువుల ప్రదర్శనల్లో, షో రింగులో జడ్జిగానే బతుకు గడిచిపోతుందని కూడా అనుకోకండి. అక్కడ తీర్పు చెప్పేవాళ్ళలో చాలామందికి వేరే ఉద్యోగమో, సొంత పశువుల మందో ఉంటుంది. పిలిచిన రోజుకి ఫీజు, దారి ఖర్చులు ఇస్తారు.

మరి శనివారాల్లో అమ్మాయి ఏం నేర్చుకుంటోంది? స్టీర్ అంటే చిన్నప్పుడే వట్టలు తీసేసి, మాంసం కోసం పెంచే కోడె. నాలుగు కోడెల్ని నిలబెట్టి, ఒకటి నుంచి నాలుగు దాకా వరస పెట్టమంటారు. వెనక నుంచి చూస్తే, తొడల మధ్యభాగం దగ్గర బాగా వెడల్పుగా ఉన్నదానికి కండ ఉన్నట్టు. వీపు మీద చదునుగా, వెడల్పుగా ఉండి కిందికి వచ్చేసరికి సన్నబడితే అది కొవ్వు. కొత్తవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు, లావుగా ఉన్నదాన్ని పట్టుకొచ్చి మొదట పెడతారు. తర్వాత నడిపించి చూస్తారు. వెనక గిట్ట ముందు గిట్ట అచ్చులో పడుతోందా లేదా అని. మా తాతయ్య సంతలో ఎద్దుల బేరానికి దిగేముందు చూసిందీ అదే. ఆయన సుడులు కూడా చూసేవారనుకోండి, వాటితో టెక్సాస్‌లో పనిలేదు.

ఇలా నిలబెట్టిన నాలుగింటిని ఒక క్లాసు అంటారు, ఒక్కో క్లాసుకి 50 మార్కులు. మధ్య జతకు, అంటే రెండు, మూడు స్థానాల్లో ఉన్నవాటికి తేడా 5 అని పెట్టారనుకోండి, ఆ రెండూ తారుమారు చేస్తే 45 వస్తాయి. బొత్తిగా పోలిక లేని జతను తిరగేస్తే ఇంకా ఎక్కువ పోతాయి.

అసలు విద్య ఆ తర్వాత మొదలవుతుంది. ‘ఓరల్ రీజన్స్’ అంటారు. చేతిలో కాగితం లేకుండా జడ్జి ఎదుట నిలబడి, ఆ వరస ఎందుకు పెట్టానో రెండు నిమిషాల్లోపు చెప్పాలి. దీనికీ 50 మార్కులు. కిందికి దించినదాన్లో ఉన్న మంచిని కూడా ఒప్పుకోవాలి: ‘నడకలో నాలుగో నంబరే మెరుగు, కానీ కండలో తేలిపోయింది, అందుకే కింద పెట్టాను’ అని. నా దగ్గరికి వచ్చే ఇంజనీరింగ్ పిల్లల్లో చాలామంది తమ ప్రాజెక్టు గురించి ఇలా రెండు నిమిషాలు మాట్లాడలేరు.

చదువు సంగతికొస్తే, కొందరు బ్లిన్ లాంటి రెండేళ్ళ కాలేజీలో టీంలో ఆడి, తర్వాత టెక్సాస్ ఏ అండ్ ఎం, టెక్సాస్ టెక్, ఓక్లహోమా స్టేట్ లాంటి చోట్లకు మారతారు. మంచి జడ్జింగ్ టీం కోసం స్కాలర్‌షిప్ ఇచ్చి పిలిచే కాలేజీలున్నాయి. డిగ్రీ అయ్యాక దాణా కంపెనీల్లో న్యూట్రిషనిస్టు, ఫీడ్‌లాట్ (పశువుల్ని మేపి బలిపించే చోటు) మేనేజర్, వీర్యం అమ్మే జెనెటిక్స్ కంపెనీలు, హైస్కూల్లో అగ్రికల్చర్ టీచర్, రైతులకు సలహాలిచ్చే కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఏజెంటు. మార్కులుంటే వెటర్నరీ. మాంసం గ్రేడింగ్ లాంటి ఫెడరల్ ఉద్యోగాలకు సాధారణంగా పౌరసత్వం అడుగుతారు. అమ్మాయి హెచ్‌4 (తల్లిదండ్రుల ఉద్యోగ వీసాను బట్టి వచ్చేది) మీద ఉంటే, 21 ఏళ్ళు నిండితే ఆ వీసా పోతుంది కాబట్టి, ఈ లెక్క ఇప్పుడే చూసుకోండి.

ఇక మీ అసలు బాధ. 2022లో హ్యూస్టన్ షోలో గ్రాండ్ ఛాంపియన్ స్టీర్ వేలంలో 10 లక్షల డాలర్లు పలికింది. ఎంత పలికినా ఇలాంటి స్టీర్ల చివరి మజిలీ మామూలుగా కబేళాయే. ఇది అమ్మాయికి తెలుసా, తెలిసి మనసుకు పడుతోందా అని మెల్లగా అడగండి. పడకపోతే పశువుల్నే వదిలేయక్కర్లేదు. పాడి ఆవుల జడ్జింగ్ వేరే ఉంది, గుర్రాలదీ ఉంది. సంతానం కోసం పెంచే పెయ్యల క్లాసులూ ఉంటాయి. అమెరికాలో బ్రాహ్మన్ అనే ఆవుల జాతిలో మన ఒంగోలు రక్తం కూడా కలిసి ఉంది. మూపురం, గంగడోలు చూస్తే మీకే తెలిసిపోతుంది.

ఈ ఆదివారం వంటింటి గట్టు మీద నాలుగు మామిడిపళ్ళు పెట్టి, వరస పెట్టి రీజన్స్ చెప్పమనండి. టైమర్ మీరు పట్టుకోండి.